కళాశాల ప్రవేశము – ఇంటివారు చేయవలసిన పని

(మన పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ఉపాధ్యాయ వర్గము పక్షమున చదివిన ప్రసంగపాఠము)



ఏటేట ఈ వేదికపై మేము పిల్లల మార్కులను గూర్చి చెప్పుదుము. మీరు చప్పట్లు చరతురు. పిదప ఫలాహారముల వైపు అందరము నడతుము. ఈ సంవత్సరము ఆ వరుసను కొంచెము మార్చి, మార్కులు వచ్చిన పిదప జరుగు సంగతులను గూర్చి మాటలాడవలెనని నిశ్చయించుకొంటిమి. కారణము సంతోషకరమైనది కాదు. ఐనను చెప్పక తప్పదు.

మూడేండ్ల క్రిందట మన పాఠశాలనుండి వెళ్లిన యొక బాలిక కేంద్రీయ విశ్వవిద్యాలయముల ప్రవేశపరీక్ష వ్రాసినది. కోరిన చోట, కోరిన శాఖలో, వెనుకబడిన తరగతులకు కేటాయించిన సీటు ఆమెకు వచ్చినది. పత్రములు చూపుమనిరి. ఆమె చూపినది మన రాష్ట్రప్రభుత్వము వారిచ్చిన కమ్యూనిటీ సర్టిఫికేటు. వారడిగినది కేంద్రప్రభుత్వపు నమూనాలో, ఆ ఆర్థిక సంవత్సరముననే పొందిన మరియొక పత్రము. గడువు నాలుగు దినములు. అందు రెండు దినములు తాలూకా కచేరీకి సెలవు. పత్రము చేతికి వచ్చునప్పటికి సీటు వేరొకరిదైనది. ఆమె తండ్రి గులాబీ తోటలో పనిచేయు మనిషి. మా గదికి వచ్చి నిలువబడియే అడిగినాడు: "సార్, పాప పరీక్షలో తప్పిందా?" లేదంటిమి. "మరి తప్పింది ఎవరు?" అన్నాడు. మాలో నొక్కరికిని నోట మాట రాలేదు. తప్పినది మేమే. గణితము చెప్పితిమి, భౌతికశాస్త్రము చెప్పితిమి. ఇట్టి కాగితమొకటి కలదని మాత్రము చెప్పలేదు. మాకును సరిగా తెలియదు.

ఆ బాలిక మరుసటి సంవత్సరము ఇచ్చటనే యొక ప్రభుత్వ కళాశాలలో చేరినది. బాగుగనే చదువుచున్నది. అది ఆమె గొప్పతనము. మా తప్పు దానివలన మాసిపోదు.

కావున నేడు మేము మీకు చెప్పవచ్చిన దొక్కటే. కళాశాలకు అర్జీ పెట్టుట ప్లస్ టూ ఫలితములు వచ్చిన మరునాడు మొదలగు పని కాదు. అది తొమ్మిదవ తరగతిలో మొదలు కావలెను. చదువు భారము పిల్లలదియు మాదియు. కాగితముల భారము ఇంటివారిది. ఆ భారము మోయుటకు డిగ్రీలు అక్కరలేదు; ఓపికయు, ఒక సంచియు ఉన్న చాలును.

మొదట పేరు సంగతి. ఇది చిన్న విషయముగా తోచును గాని, మన వంటి వారికి ఇంతకు మించిన చిక్కు లేదు. తెలుగువారి ఆచారము ఇంటిపేరు ముందు పెట్టుకొనుట. మనము నివసించు నాట ఆచారము తండ్రి పేరులోని మొదటి అక్షరమును ముందు పెట్టుకొనుట. ఎన్నో తరములుగా హోసూరు, డెంకణికోట, తళి, బాగలూరు ప్రాంతములలో నున్న మన కుటుంబములలో ఈ రెండాచారములును పెనవేసుకొనిపోయినవి. తాతగారి భూమి పత్రములో ఇంటిపేరు ఉండును. తండ్రి రేషను కార్డులో ఇంటిపేరు పోయి ఒక అక్షరము మిగిలియుండును. ఆ అక్షరము ఇంటిపేరుదో, తాతగారి పేరుదో చెప్పగలవారు ఇంటిలో ముసలమ్మ ఒక్కతెయే. పిల్లకు ఆధార్ తీయించునాడు మేనమామ వెంట వెళ్లెననుకొందము. ఆయన తనకు తోచినట్లు చెప్పెను. బడిలో చేర్చునాడు తల్లి వచ్చెను. ఆమె మరియొక విధముగా చెప్పెను. ఈ విధముగా ఒకే పిల్లకు మూడు పత్రములలో మూడు పేర్లు.

దీనికి తోడు లిపి భేదము. తమిళ లిపిలో కకారమునకును గకారమునకును వేరువేరు అక్షరములు లేవు. తకార దకారములకును, పకార బకారములకును అంతే. ఒత్తక్షరములు మొదలే లేవు. ఇది ఆ లిపికి లోపము కాదు, ఆ భాష స్వభావమునకు అది చాలును. కాని మన గంగాధరుడు ఆ లిపిలోనికి దిగి, అచ్చటినుండి ఆంగ్లములోనికి ఎక్కునప్పటికి ఏ రూపము దాల్చునో చెప్పలేము. ఆంగ్లములో సయితము ఒక నిలుకడ లేదు. స్వాతి యను పేరులో 'టి' ప్రక్కన 'హెచ్' వ్రాయు వారు కొందరు, వ్రాయని వారు కొందరు. ఇంటిలో ఎట్లు వ్రాసినను స్వాతి స్వాతియే. కంప్యూటరునకు మాత్రము వారిరువురును వేరువేరు మనుష్యులు.

దేశవ్యాప్తముగా జరుగు ప్రవేశపరీక్షలలో పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేది పదవ తరగతి పత్రములో నున్నట్లు నింపుమందురు, ఆధార్‌తో సరిచూతురు. కనుక ఈ రెండును అక్షరము తేడా లేక కలియవలెను. పదవ తరగతి పబ్లిక్ పరీక్షకు పిల్లల జాబితా సిద్ధము కాకముందు మన బడి రికార్డులో తప్పు దిద్దుట సులభము. ఒక అర్జీ, ఒక ఆధారపత్రము చాలును. ఎస్.ఎస్.ఎల్.సి. పత్రము అచ్చుపడి వచ్చిన పిదప అదే తప్పును దిద్దించుటకు ఎన్ని కచేరీలు తిరుగవలెనో, తిరిగిన వారు ఈ సభలోనే ఉన్నారు, వారిని అడుగుడు. తొమ్మిదవ తరగతి అని మేము పట్టుపట్టుటకు ఇదియే కారణము.

ఊరి పేరు, జిల్లా పేరు కూడ ఒకసారి చూచుకొనుడు. 1956లో రాష్ట్రములను భాషల ననుసరించి ఏర్పరచినపుడు హోసూరు సేలము జిల్లాలో భాగముగా మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడినది. 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడినది. మనము ఇల్లు కదలలేదు. ఐనను తాతగారి పత్రము సేలము జిల్లా అనును, తండ్రిగారిది ధర్మపురి జిల్లా అనును, పిల్లది కృష్ణగిరి జిల్లా అనును. ఇందు తప్పేమియు లేదు. కాని దూరపు ఊరిలో బల్ల ముందు కూర్చున్న ఉద్యోగికి ఈ చరిత్ర తెలియదు. పిల్లకు తెలిసియుండిన, బెదరక చెప్పగలదు.

ఇక రెండవ గడి మాతృభాషది. బడిలో చేర్చునపుడు నింపు కాగితములో ఈ గడి కలదు. ఇంట తెలుగు మాటలాడు తల్లిదండ్రులు సయితము "ఎందుకు వచ్చిన తంటా" అని అందు తమిళము అనియో, కన్నడము అనియో వ్రాయించుట మేము చూచుచున్నాము. భారత రాజ్యాంగము 30వ అధికరణము మతమును బట్టియో భాషను బట్టియో అల్పసంఖ్యాకులైన వారికి విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు నిచ్చినది. మన బడి నిలిచియుండుట ఆ హక్కు మీదనే. తమిళనాట తెలుగువారు స్థాపించిన కళాశాలలు కూడ కలవు. ఇంజనీరింగు కౌన్సెలింగునకు సామాన్య ప్రైవేటు కళాశాలలు తమ సీట్లలో 65 శాతము ప్రభుత్వమునకు అప్పగింపవలసియుండగా, అల్పసంఖ్యాక కళాశాలలు 50 శాతము అప్పగించును. తక్కిన దానిలో తమ భాషవారికి సీట్లు ఇచ్చుకొనుటకు వాటికి అవకాశము కలదు. అట్టి సీటు అడుగబోయిన నాడు "నీ మాతృభాష తెలుగని ఏది నిదర్శనము?" అందురు. బడి రికార్డులో తమిళమని వ్రాయించి, అచ్చట తెలుగు పద్యము చదివి చూపిన లాభము లేదు. ఇంకొక మాట. అట్టి సీటు దొరకిన మాత్రమున ఫీజు తగ్గునని అనుకొనరాదు. ఎంత కట్టవలెనో ముందుగనే అడిగి, వ్రాతపూర్వకముగా తెలిసికొనుడు.

ఇప్పుడు ఆ బాలిక చేజార్చుకొన్న పత్రము సంగతి. తమిళనాట విద్యాలయములలో 69 శాతము సీట్లు రిజర్వు చేయబడినవి: వెనుకబడిన తరగతులకు 26.5, వారిలో ముస్లిములకు 3.5, మిక్కిలి వెనుకబడిన తరగతులకును డీనోటిఫైడు జాతులకును కలిపి 20, షెడ్యూల్డు కులములకు 15, వారిలో అరుంధతీయులకు ప్రత్యేకముగా 3, షెడ్యూల్డు తెగలకు 1. అరుంధతీయులకు ఈ ప్రత్యేక భాగము 2009లో ఏర్పడినది. వారిలో తెలుగు మాటలాడువారు అనేకులు కావున ప్రత్యేకముగా చెప్పుచున్నాము. ఈ రాష్ట్రపు సీట్లకు శాశ్వతమైన కమ్యూనిటీ సర్టిఫికేటు చాలును. అది లేనివారిని సామాన్యుల జాబితాలో చేర్తురు. సరిహద్దు ఆవల, అనగా ఆంధ్రప్రదేశమునందో కర్ణాటకమునందో ఇచ్చిన కులపత్రము ఇచ్చట రిజర్వేషనుకు చెల్లదు. కుప్పము ప్రాంతమునుండి ఇటీవల వచ్చి స్థిరపడిన కుటుంబములు ఈ విషయమును ముందే విచారించుకొనవలెను.

కేంద్రప్రభుత్వ సంస్థలలో ప్రవేశమునకు వెనుకబడిన తరగతులవారికి వేరు పత్రము కావలెను. దానిని ఓ.బి.సి. నాన్ క్రీమీ లేయరు సర్టిఫికేటు అందురు. ఇందు మూడు మెలికలు కలవు. ఒకటి: రాష్ట్రపు జాబితాలో ఉన్న ప్రతి కులము కేంద్రపు జాబితాలో ఉండదు, చూచుకొనవలెను. రెండు: రాబడికి హద్దు కలదు, 2017 నుండి అది సంవత్సరమునకు 8 లక్షల రూపాయలు. ఏ రాబడి ఈ లెక్కలో చేరునో, ఏది చేరదో నియమములు వేరుగా కలవు గనుక జీతము చూచి భయపడి మానుకొనకుడు; అడిగి తెలిసికొనుడు. మూడు: పాత పత్రము పనికిరాదు. సామాన్యముగా ఏప్రిల్ 1వ తేది తరువాత క్రొత్తగా పొందినది అడుగుదురు. ఏ రిజర్వేషనును లేని పేద కుటుంబములకు సయితము 2019 నుండి కేంద్ర సంస్థలలో 10 శాతము కలదు. దానికిని రాబడి పత్రము ప్రతి సంవత్సరము క్రొత్తది కావలెను. పరీక్షలు జరుగుచుండగా పిల్లను క్యూలో నిలువబెట్టకుడు. ఏప్రిల్ మొదటి వారమున తండ్రియో, తల్లియో, ఇంటిలో తీరిక గల ఎవరో ఇ-సేవా కేంద్రమునకు పోయిరావలెను.

ఇంటిలో ఇంతవరకు ఎవరును పట్టభద్రులు కాకున్న, ఆ ఇంటినుండి మొదట చదువబోవు పిల్లకు మరియొక పత్రము కలదు. దానినే 'ఫస్టు గ్రాడ్యుయేటు సర్టిఫికేటు' అందురు. ఇంజనీరింగు వంటి వృత్తివిద్యలలో ప్రభుత్వ కౌన్సెలింగు ద్వారా చేరువారికి దీనివలన ట్యూషను ఫీజులో రాయితీ దొరకును. ఈ సభలో సగము ఇండ్లకు ఇది వర్తించునని మా అంచనా. ఐనను అడిగి తీసికొనువారు కొద్దిమందియే.

సరిహద్దు ఊళ్లవారమగుటచే మనకు ఇంకొక భ్రమ కలదు. కుప్పము దగ్గర, బెంగుళూరు ఇంకను దగ్గర. ఎటు పోయినను సీటు దొరకునని అనుకొందుము. ఆంధ్రప్రదేశమున 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి విద్యాలయములలో 85 శాతము సీట్లు స్థానికులకే. స్థానికత అచ్చట చదివిన సంవత్సరములను బట్టియు, నివాసమును బట్టియు వచ్చును గాని మాతృభాషను బట్టి రాదు. మనము తెలుగువారమే, కాని అచ్చట స్థానికులము కాము. ఈ మాట వినుటకు కష్టముగా నుండును. విని యుండుట మేలు. కర్ణాటకమునందు ప్రభుత్వపు కోటాకు సామాన్యముగా ఆ రాష్ట్రమున ఏడు సంవత్సరముల చదువు అడుగుదురు. పదవ తరగతి కాగానే పిల్లను బెంగుళూరులో పి.యు.సి. చేర్చినయెడల అచ్చటి ఏడేండ్లు పూర్తికావు. ఇచ్చట ఎనిమిదవ తరగతి నుండి ప్లస్ టూ వరకు వరుసగా చదివినవారికి అక్కరలేని నేటివిటీ సర్టిఫికేటు క్రొత్తగా కావలసివచ్చును. చేర్చవద్దనుట లేదు. లెక్క చూచుకొని చేర్చుడు. కుప్పములో 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము మనకు సమీపముననే కలదు. తెలుగు, కన్నడము, తమిళము మూడును వినబడు చోటనే పెరిగిన మన పిల్లలు భాషాశాస్త్రము, అనువాదము వంటి విద్యలకు పుట్టుకతోనే సగము సిద్ధపడి యుందురు. ఆ వైపు చూచినవారు మన బడినుండి ఇంతవరకు మిక్కిలి తక్కువ.

ఇంజనీరింగు గూర్చి మీరందరును అడుగుదురు గనుక చెప్పెదము. తమిళనాట 2007 నుండి ఇంజనీరింగునకు ప్రత్యేక ప్రవేశపరీక్ష లేదు. ప్లస్ టూ మార్కులే ఆధారము. మొత్తము 600 మార్కులను చూచి మురియకుడు. గణితములో 100కు వచ్చినవి యథాతథముగా, భౌతిక రసాయన శాస్త్రములలో వచ్చిన వాటిలో సగము సగము చేర్చి 200కు లెక్కకట్టుదురు. గణితము 90, భౌతికము 80, రసాయనము 84 ఐన, 90కి 40యును 42యును చేర్చగా 172. సమానముగా వచ్చినవారిలో మొదట గణితము చూతురు, పిదప భౌతికము. వరుసగా అన్నియు సమానమైన, చివరకు కంప్యూటరు ఇచ్చిన యొక అంకెను బట్టి నిర్ణయింతురు. (ఆ అంకెకు జాతకము చూపించిన తండ్రి యొకరు మనలో నున్నారు, పేరు చెప్పము.)

2018 నుండి ఈ కౌన్సెలింగు ఆన్‌లైనులోనే జరుగుచున్నది. ఇందు పిల్లలు నష్టపోవు చోటు మార్కులు కాదు, కోరికల జాబితా. ఏ కళాశాలలో ఏ శాఖ కావలెనో వరుసగా నింపవలెను. ఎన్నియైనను నింపవచ్చును. మనవారు ప్రక్కింటి అబ్బాయి చేరిన నాలుగు కళాశాలలను వ్రాసి ఊరకుందురు. ఆ నాలుగింటను సీట్లు అయిపోయిన, పిల్లకు ఏదియు రాదు. తరువాత మిగిలిన వాటిలో ఏరుకొనవలసివచ్చును. వరుస కూడ ముఖ్యమే. "వచ్చునో రాదో" అని మంచి కళాశాలను క్రిందకు దింపకూడదు. నిజముగా కోరునది మొదట, తక్కినవి తరువాత. యంత్రము పైనుండి క్రిందకే చూచును. మునుపటి సంవత్సరము ఏ కళాశాలలో ఎంత కటాఫు వరకు సీటు దొరకినదో పట్టికలు ప్రకటింపబడును. వాటిని ముందుంచుకొని, ఒక తెల్లకాగితముపై జాబితా వ్రాసి, రెండు రాత్రులు దానిపై నిద్రించి, పిదప నింపుడు.

ఇంజనీరింగు, వైద్యము తప్ప వేరు చదువు లేదనుకొనుట మన ఊరి జాడ్యము. 1824లో స్థాపింపబడిన పశువుల క్షేత్రము గల మత్తిగిరి మనకు కూతవేటు దూరమే. పశువైద్య విశ్వవిద్యాలయము వారు హోసూరులో కోళ్ల పెంపకమునకు ప్రత్యేకమైన డిగ్రీ కళాశాలను నడుపుచున్నారు. ప్రతిదినము ఆ త్రోవన పోవు మన తండ్రులలో ఎందరికి అచ్చట డిగ్రీ చదువు కలదని తెలియును? పశువైద్యమునకు ఈ రాష్ట్రపు సీట్లలో ప్లస్ టూ మార్కులే ఆధారము. వ్యవసాయమునకు కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము, న్యాయశాస్త్రమునకు చెన్నపట్టణమునందలి అంబేద్కరు న్యాయ విశ్వవిద్యాలయము కలవు. దానిలో అయిదేండ్ల డిగ్రీకి కూడ ప్లస్ టూ మార్కులనే చూతురు. వీని అర్జీల తేదులు ఒకదానికొకటి కలియవు. ఒకదాని కొరకు ఎదురుచూచుచు మరియొక దాని గడువును దాటించుకొనుట మాకు ఏటేట కనబడు దృశ్యము. కేంద్రీయ విశ్వవిద్యాలయములకు 2022 నుండి ఒకే ప్రవేశపరీక్ష జరుగుచున్నది. హైదరాబాదు, తిరువారూరు, అనంతపురము మున్నగు చోట్ల నున్న కేంద్రీయ విశ్వవిద్యాలయములకు దాని ద్వారా పోవచ్చును. ఇచ్చట స్థానికత అడ్డురాదు. ఆంధ్రదేశమున చదువవలెనను కోరిక గల పిల్లలకు ఇది తెరచియున్న తలుపు.

పరీక్ష ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్నకు మేము తడుముకొనక సమాధానము చెప్పలేము. వైద్యప్రవేశ పరీక్షయగు నీట్‌ను గాని, జె.ఇ.ఇ. మెయిన్‌ను గాని తెలుగులో వ్రాయవచ్చును. ఈ పరీక్షలు 13 భాషలలో జరుగును. కాని తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ తెలంగాణములలోని కేంద్రములలోనే దొరకును. తమిళనాట కేంద్రమును కోరుకొన్నచో తెలుగు దొరకదు. తెలుగు కావలెనన్న చిత్తూరు, తిరుపతి వైపు పోవలెను. అనువాదమున సందేహము వచ్చిన ఆంగ్లపాఠమే ప్రమాణము. అర్జీలో ఒకసారి భాష ఎంచుకొని గడువు దాటిన పిదప మార్చుకొనుటకు వీలులేదు. తెలుగు మాధ్యమమున చదివిన పిల్ల విషయమును తెలుగున గ్రహించినది. దానిని ఆంగ్లమున గుర్తుపట్టుట నేర్పవలెను. అందుకు మేము తొమ్మిదవ తరగతి నుండి ఒక నోటుపుస్తకము పెట్టించుచున్నాము. ఒక ప్రక్క గురుత్వాకర్షణము, ఎదుట దాని ఆంగ్లపదము. ఒక ప్రక్క కిరణజన్య సంయోగక్రియ, ఎదుట దాని ఆంగ్లపదము. దినమునకు అయిదు మాటలు. ఇంటిలో ఎవరును ఆంగ్లము ఎరుగకున్నను, ఆ పుస్తకము తెరచి తెలుగు మాట మీరు చదివి, ఆంగ్లపదము పిల్లచేత చెప్పించుకొనవచ్చును. సరియో కాదో తెలియనవసరము లేదు. మీరు అడుగుచున్నారని తెలిసిన, ఆమె చూచుకొనును.

ఇక అర్జీ నింపు చోటును గూర్చి కొంచెము కఠినముగా చెప్పవలసియున్నది. మనలో అనేకులు బ్రౌజింగు సెంటరుకు పోయి, అచ్చటి అబ్బాయికి కాగితములు ఇచ్చి, "నువ్వే చూసి వెయ్యి నాయనా" అని బయట టీ త్రాగుచు నిలుతురు. అతడు తొందరలో తన ఫోను నంబరే వేయును; తన ఈ-మెయిలే వేయును. తరువాత వచ్చు ప్రతి సమాచారము, ప్రతి రహస్య అంకె అతని ఫోనుకు పోవును. రెండు నెలల తరువాత సీటును అంగీకరింపవలసిన దినమున అతడు ఊరిలో లేడు. ఇట్టిది జరిగినది, కల్పించి చెప్పుట లేదు. అతడు చెడ్డవాడు కాడు, ఆ దినమున నలుబది అర్జీలు వేసినాడు. కావున నంబరు ఇంటిలో ఎల్లపుడు ఉండు ఫోనుదిగా ఉండవలెను. ప్లస్ టూ చదువు అయి కళాశాలలో చేరువరకు ఆ నంబరు మార్చకుడు. సంకేతపదమును పిల్ల నోటుపుస్తకములో వ్రాసికొని, ఒక ప్రతిని తల్లికి ఇవ్వవలెను. అర్జీ పంపుటకు ముందు పిల్లయే తెరపై ప్రతి గడిని బిగ్గరగా చదువవలెను; మీరు ప్రక్కన కూర్చుండి పత్రముతో సరిచూడవలెను. చదువురాని తల్లియైనను, "నాన్న పేరు ఏమని ఉంది? పుట్టిన తేది ఏమని ఉంది?" అని అడుగగలదు.

సీటు ఇప్పింతుమని ఫలితముల కాలమున ఫోను చేయువారిని గూర్చి ఒక్కమాట: ప్రభుత్వ కౌన్సెలింగులో సీటు ఇప్పించు మధ్యవర్తి యనువాడు లేడు. అంతే.

పిల్ల ఏమి చదువవలెనను మాటను చివరకు ఉంచితిమి. అందరును కోపగించు మాట గనుక. గత సంవత్సరము పదునొకండవ తరగతి విద్యార్థులను, "మీకు ఏమి చదువవలెనని ఉన్నది?" అని కాగితముపై వ్రాయుమంటిమి. పేర్లు వ్రాయనక్కరలేదంటిమి. వచ్చిన కాగితములలో అధికభాగము ఒకే మాట: కంప్యూటరు ఇంజనీరింగు. క్రింద నొక బాలుడు చిన్న అక్షరములతో, "ఇది నాన్న కోరిక, నాది ఎవరూ అడగలేదు" అని వ్రాసినాడు. ఆ కాగితమును మేము ఎవరికిని చూపలేదు. ఆ తండ్రి ఎవరో మాకు తెలియదు, తెలిసికొనుటకు ప్రయత్నింపలేదు. ఇచ్చట కూర్చున్న వారిలో ఎవరైనను కావచ్చును. ఆ తండ్రి తప్పు చేసెనని మేము అనజాలము. సిప్కాటు కర్మాగారములలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషికి, బిడ్డ చల్లని గదిలో కూర్చుండి పనిచేయవలెనను కోరిక సహజమే. కాని గణితములో ఆసక్తి లేని బాలుడు 172 కటాఫుతో చేరి నాలుగేండ్లు మోయలేక మధ్యలో మానుకొనుట మేము చూచితిమి. అప్పటికి అప్పు మాత్రము మిగులును. ఈ నెలలో నొక సాయంకాలము, మార్కుల ప్రసంగము తేక, "నీకు ఏమి చదవాలని ఉంది?" అని ఒకసారి అడుగుడు. సమాధానము వెంటనే రాదు. రెండుమూడు మార్లు అడుగవలసి వచ్చును. చెప్పినది నచ్చకపోవచ్చును, మా దగ్గరకు తీసికొని రండు, ముగ్గురము కూర్చుండి ఆ చదువు ఎచ్చట కలదో, ఎంత ఖర్చగునో, దానివలన ఏ ఉద్యోగములు కలవో చూతము.

వచ్చు శనివారము మొదలు నాలుగు శనివారములు తొమ్మిది, పది తరగతుల ప్రవేశ రిజిస్టరులను కచేరీ గదిలో బల్లమీద పరచి ఉంచెదము. గుమాస్తాగారు ఉదయము తొమ్మిది గంటలనుండి ఒంటిగంట వరకు కూర్చుందురు. మాలో ఇద్దరము వారి ప్రక్కన ఉందుము. పిల్ల ఆధార్, పుట్టుక పత్రము, కమ్యూనిటీ సర్టిఫికేటు, రేషను కార్డు తీసికొని రండు. ఇంటిపేరు సంగతి తెలిసిన ముసలమ్మ ఉన్నయెడల ఆమెను కూడ తీసికొని రండు, కుర్చీ వేయింతుము. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేది, మాతృభాష – ఈ అయిదు గళ్లను పిల్లచేతనే బిగ్గరగా చదివింతుము. తేడా ఉన్నచోట ఎర్రసిరాతో గుర్తుపెట్టి, ఏ పత్రమును ఎచ్చట దిద్దింపవలెనో వ్రాసి మీ చేతికి ఇత్తుము. పన్నెండవ తరగతి వారికి వేరుగా ఏప్రిల్ మొదటి ఆదివారమున పిలుతుము; ఆ దినమున తేవలసిన కాగితముల జాబితా నోటీసుబోర్డు మీద తెలుగులోను తమిళములోను అంటించియున్నది.